మోకాలి వెనక నీటి గడ్డ: సూదితో సరిపోయేది ఎవరికి, ఆపరేషన్ కావాల్సింది ఎవరికి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు మన తెలుగు ఇళ్లలో ఎవరికైనా మోకాలి వెనక గడ్డ కనబడిందంటే సలహాలకి కొదవుండదు. ఒకరు సూది పెట్టి నీరు లాగించేయమంటారు. ఒకరు విశాఖ వెళ్లి చిన్న రంధ్రాల ఆపరేషన్ చేయించుకుంటే మర్నాడే నడిచి వచ్చేయొచ్చంటారు. ఇంకొకరు కోసి మొత్తం తీయించేస్తే పీడ వదులుతుందంటారు. ఏమీ చేయొద్దు, దానంతటదే పోతుందనేవాళ్లూ ఉన్నారు. ఈ నాలుగు సలహాలూ ఎవరో ఒకరి విషయంలో నిజమే. మీ విషయంలో ఏది నిజమన్నదే తేల్చుకోవాలి.

ఫిజియోథెరపిస్టుగా ఈ నాలుగు దారుల్లోనూ వెళ్లి వచ్చినవాళ్లని చూస్తుంటాను. గడ్డ ఎంత పెద్దదో చూసి వైద్యం ఎంచుకున్నవాళ్ల కంటే, మోకాలి లోపల ఏం జరుగుతోందో తెలుసుకుని ఎంచుకున్నవాళ్లే ఎక్కువ బాగుపడతారు. అందుకే ఇక్కడ ముందు గడ్డ గురించి చెప్పి, ఆ తర్వాత ఏది మంచిదన్న చర్చకి వస్తాను.

నీరు వచ్చేది కీలు లోంచి

డాక్టర్లు దీన్ని బేకర్స్ సిస్ట్ అంటారు. 1877లో లండన్ సర్జన్ విలియం మోరంట్ బేకర్ దీని గురించి వివరంగా రాశాడు కాబట్టి ఆ పేరు నిలిచింది. మోకాలి వెనక, లోపలి వైపు, పిక్క కండరానికీ తొడ వెనక నుంచి దిగే ఒక స్నాయువుకీ మధ్య సహజంగానే చిన్న తిత్తి ఉంటుంది. పెద్దవాళ్లలో చాలామందికి ఆ తిత్తికీ మోకాలి కీలుకీ మధ్య సన్నటి దారి ఉంటుంది. చెరువు నిండితే అలుగు పారినట్టు, కీలులో నీరు ఎక్కువైతే ఆ దారిన తిత్తిలోకి చేరుతుంది. ఆ దారి దగ్గర ఉండే మడత వాల్వులా పనిచేస్తుంది. నీటిని కీలు నుంచి తిత్తిలోకి పోనిస్తుంది గానీ తిరిగి రానివ్వదు. దాంతో తిత్తి ఉబ్బి గడ్డగా బయటపడుతుంది.

కీలులో అంత నీరు ఎందుకు ఊరుతుందన్నది అసలు ప్రశ్న. యాభై దాటినవాళ్లలో ఎక్కువగా అరుగుదల వల్ల, మనవాళ్లు గుజ్జు అరిగిపోయింది అంటారే, అదే. వయసులో ఉన్నవాళ్లలో మెనిస్కస్ చిరగడం వల్ల. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి. ఇంకా కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్), గౌట్ (యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే వాపు) కూడా కారణాలే. ఎప్పుడో ఒకసారి కీలుకి పట్టిన క్షయ కూడా ఇలాగే బయటపడుతుంది. కారణం అలాగే ఉండగా గడ్డని మాత్రం ఖాళీ చేస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో మళ్లీ నిండుతుంది. సూదితో తీసినా, కత్తితో కోసినా ఇదే వరస.

పిల్లల్లో కథ వేరు. వాళ్ల మోకాలిలో సాధారణంగా ఏ జబ్బూ ఉండదు, గడ్డ దానంతటదే ఒకటి రెండేళ్లలో కరిగిపోవడం మామూలు. స్కానింగ్‌లో నీటి గడ్డేనని తేలితే పిల్లల్ని ఆపరేషన్ దాకా తీసుకెళ్లకండి.

అది నీటి గడ్డేనా?

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గోడ పట్టుకుని నిలబడి మోకాలు పూర్తిగా చాచండి. ఇంకొకరిని వెనక నుంచి గడ్డని వేళ్లతో తాకి చూడమనండి, గట్టిగా, బిగుతుగా తగులుతుంది. ఇప్పుడు మోకాలిని సగం వంచండి. చాలామందిలో గడ్డ మెత్తబడుతుంది, ఒక్కోసారి చేతికి దొరకకుండా పోతుంది. కాలు వంచినా గడ్డ అంతే గట్టిగా ఉంటే అనుమానించాలి. చేతికింద నాడిలా కొట్టుకుంటుంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి. మోకాలి వెనక నుంచి వెళ్లే పెద్ద రక్తనాళం ఉబ్బినా గడ్డలాగే కనబడుతుంది. దాంట్లోకి సూది గుచ్చితే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే స్కానింగ్ లేకుండా ఎవరినీ సూది పెట్టనివ్వకండి. అల్ట్రాసౌండ్, దాంతోపాటు రక్తప్రవాహం చూపించే కలర్ డాప్లర్ చాలు. ఇవి పెద్ద ఖర్చు కావు. కండరానికీ స్నాయువుకీ మధ్య నుంచి మెడలా దిగే సంచి స్కానింగ్‌లో కనిపిస్తే అది బేకర్స్ సిస్టే. లోపల నీరు బదులు గట్టి కణజాలం ఉన్నా, గడ్డ వేగంగా పెరుగుతున్నా, రాత్రిపూట నొప్పి ఎక్కువగా ఉన్నా ఎంఆర్‌ఐ తప్పదు. గడ్డ అనుకున్నది కణితి అయ్యే అవకాశం తక్కువే, కానీ ఉంది. ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లకి కూడా ఎంఆర్‌ఐ అవసరం. మెనిస్కస్ సంగతి తేల్చేది అదే.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఒక్కోసారి గడ్డ లోపలే పగులుతుంది. నీరు పిక్కలోకి దిగి, పిక్క ఒక్కసారిగా వాచి, మంట పుట్టి నొప్పెడుతుంది. రెండు మూడు రోజుల్లో చీలమండ దగ్గర నీలి మచ్చ కనబడొచ్చు. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. రెండింటికీ తేడా డాప్లర్‌లోనే తెలుస్తుంది. గంజాం, శ్రీకాకుళం తీరం వైపు కాలు వాస్తే బోదకాలనుకుని వదిలేసేవాళ్లు ఉన్నారు. లోపలి ఊళ్లలో నూనె రాసి పిక్కని గట్టిగా పిసుకుతారు. అలా పిసకడం ప్రమాదం. రక్తపు గడ్డ అయితే అది కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. పిక్క వాపుతోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి, తెల్లారే దాకా ఆగకూడదు.

ఏమీ చేయకుండా ఉండొచ్చా?

నొప్పి లేకపోతే, నడకకి అడ్డం రాకపోతే, స్కానింగ్‌లో నీటి గడ్డేనని తేలితే ఉండొచ్చు. వేరే దేనికో ఎంఆర్‌ఐ తీయించుకున్నప్పుడు అనుకోకుండా బయటపడే గడ్డలు చాలా ఉంటాయి. వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

కొంచెం ఇబ్బంది ఉన్నవాళ్లకి మొదటి ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా వ్యాయామమే వైద్యం. తొడ ముందు కండరం బలహీనపడితే బరువంతా కీలు మీద పడుతుంది, నీరు ఊరడం పెరుగుతుంది. నేల మీద కాలు చాచి కూర్చుని, మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ మనసులో పది లెక్కపెట్టండి. తొడ కండ గట్టిపడటం చేత్తో తాకి చూసుకోవచ్చు. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. తర్వాత కాలు తిన్నగా జానెడు ఎత్తి పట్టుకోవడం, ఆ తర్వాత తొడ వెనక కండరాన్ని సాగదీయడం. బరువు ఎక్కువున్నవాళ్లు నాలుగైదు కిలోలు తగ్గినా మోకాలికి చాలా తేడా తెలుస్తుంది.

మన పనుల్లో మోకాలిని పూర్తిగా మడవాల్సినవి ఎక్కువ. విస్తళ్లు కుట్టేవాళ్లు గంటల తరబడి నేల మీద కాళ్లు మడిచి కూర్చుంటారు. జీడిపిక్కలు ఏరేవాళ్లు, కలుపు తీసేవాళ్లు గొంతుక్కూర్చునే ఉంటారు. మోకాలు పూర్తిగా మడిచి ఉంచినంతసేపూ లోపల ఒత్తిడి పెరుగుతుంది. పని మానేయమని ఎవరికీ చెప్పలేను, చెప్పినా కుదరదు. ఎత్తు పీట, చిన్న బల్ల, మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం — ఇవి మాత్రం పట్టుబట్టి చేయిస్తాను. అడ్డాకుల విస్తళ్లు కుట్టే ఒకావిడ పీట ఎత్తు పెంచుకుని, వ్యాయామం మానకుండా చేసింది. గడ్డ పూర్తిగా పోలేదు, కానీ సాయంత్రమయ్యేసరికి మోకాలు బిగుసుకుపోవడం తగ్గింది. ఆవిడ కోరుకున్నది అదే.

సూదితో నీరు తీయడం, ఇంజక్షన్

వ్యాయామంతో తగ్గనివాళ్లకి నా లెక్కలో రెండో మెట్టు ఇది. స్కానింగ్ తెర మీద చూస్తూ లావు సూదితో గడ్డలో నీరు లాగుతారు. నీరు అనడమే గానీ చాలాసార్లు అది గంజిలా చిక్కగా ఉంటుంది, సన్న సూదికి రాదు. దాంతోపాటు ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మందు ఇస్తారు. మందు ఎక్కడ ఇవ్వాలన్నది డాక్టరు నిర్ణయం. గడ్డకీ కీలుకీ దారి ఉంది కాబట్టి చాలామంది కీలులోకే ఇస్తారు. కీలులో వాపు తగ్గితే గడ్డ కూడా తగ్గుతుంది.

మంచి ఏమిటంటే అరగంట పని, మత్తు అక్కర్లేదు, అదే రోజు ఇంటికి రావచ్చు, ఖర్చు తక్కువ. అరుగుదల ఉన్న పెద్దవాళ్లకి నెలల తరబడి ఉపశమనం ఉంటుంది. చెడు ఏమిటంటే గడ్డ తిరగబెట్టడం ఎక్కువ. గడ్డ లోపల గోడలుగోడలుగా గదులుంటే సూది అన్ని గదులకీ చేరదు, వాళ్లకి ఇంకా త్వరగా నిండుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇంజక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, ఇంట్లో రోజూ చూసుకోవాలి. ఒకే మోకాలికి మూడు నెలల లోపు మళ్లీ ఇవ్వకపోవడం మంచిది. మోకాలి మార్పిడి ఆలోచన ఉన్నవాళ్లు ఇంజక్షన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య కనీసం మూడు నెలలు ఆగాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర స్కానింగ్ లేకుండా కంటి అంచనాతో సూది పెట్టించుకోవడం వద్దు. కీలులో చీము పడితే మోకాలే పోయే పరిస్థితి వస్తుంది. తీసిన నీటిని పారబోయకుండా పరీక్షకి పంపమని అడగండి. గౌట్, ఇన్‌ఫెక్షన్, క్షయ లాంటివి అక్కడే బయటపడతాయి.

చిన్న రంధ్రాల ఆపరేషన్

దీన్నే ఆర్థ్రోస్కోపీ అంటారు. జనం దీని మీద పెట్టుకున్న ఆశా ఎక్కువే, భయమూ ఎక్కువే. అందుకని కాస్త నెమ్మదిగా చెబుతాను.

నడుముకి మత్తు ఇస్తారు. తొడకి పట్టీ బిగించి రక్తం కాసేపు ఆపుతారు. మోకాలి చిప్పకి రెండు పక్కలా సెంటీమీటరు కంటే చిన్న గాట్లు పెట్టి, ఒక దాంట్లోంచి పెన్సిల్ కంటే సన్నటి కెమెరా గొట్టం, రెండో దాంట్లోంచి పనిముట్లు పంపుతారు. సెలైన్ నీటితో కీలుని ఉబ్బించి తెర మీద చూస్తూ పనిచేస్తారు. మొదట లోపలి సమస్య చూస్తారు. చిరిగిన మెనిస్కస్ ఉంటే కత్తిరించడమో కుట్టడమో చేస్తారు, ఊడి తిరిగే ముక్కలుంటే తీస్తారు, వాచిన పొరని శుభ్రం చేస్తారు. ఆ తర్వాత మోకాలి వెనక లోపలి వైపు ఇంకో రంధ్రం పెట్టి, గడ్డకి వెళ్లే దారి దగ్గర వాల్వులా ఉన్న మడతని కోసి దారి వెడల్పు చేస్తారు. దాంతో నీరు రెండు వైపులా సాఫీగా కదులుతుంది, గడ్డలో ఇరుక్కుపోదు. కొందరు సర్జన్లు అక్కడితో ఆపుతారు. కొందరు ఇంకా లోపలికి వెళ్లి గడ్డ గోడని కూడా తీసేస్తారు.

ఈ రెండింటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే గడ్డ తీరు చూసి చెప్పమంటాను. గోడ కూడా తీస్తే తిరగబెట్టడం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆపరేషన్ సమయం పెరుగుతుంది, మోకాలి వెనక ఉన్న పెద్ద రక్తనాళాలకీ నరానికీ దగ్గరగా పనిచేయాల్సి వస్తుంది. ఒకే గదిగా ఉన్న మామూలు గడ్డకి దారి వెడల్పు చేస్తే చాలాసార్లు సరిపోతుంది. గదులు గదులుగా ఉన్నదానికి, గోడ దళసరిగా ఉన్నదానికి, ఒకసారి తిరగబెట్టినదానికి గోడ తీయడంలో అర్థముంది.

మీకు ఈ ఆపరేషన్ చెప్పిన డాక్టరుని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇది: "లోపల మెనిస్కస్ సంగతి చూసి ఊరుకుంటారా, వెనక రంధ్రం పెట్టి దారి కూడా వెడల్పు చేస్తారా?" ముందు రెండు రంధ్రాలతో మెనిస్కస్ ఒక్కటీ కత్తిరించి పంపేస్తే కొందరికి గడ్డ అలాగే ఉండిపోతుంది. వెనక రంధ్రం పెట్టడం అలవాటు ఉన్న చేతికే రావాలి. మోకాలి లోపలి పక్కగా దిగే సఫీనస్ అనే స్పర్శ నరం అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే కాలి లోపలి వైపు తిమ్మిరి మిగులుతుంది. అందుకే ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు, గడ్డలకి ఎంత తరచుగా చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. మంచి సర్జన్ ఎవరూ ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

ఇది ఎవరికి సరిపోతుంది? మెనిస్కస్ చిరిగి, మోకాలు నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోయేవాళ్లకి, ఊడిన ముక్క అడ్డం పడేవాళ్లకి, అరుగుదల ఇంకా ముదరనివాళ్లకి, వ్యాయామం, ఇంజక్షన్ చేసి చూసినా గడ్డ నిండుతూనే ఉండి పనికి అడ్డం వచ్చేవాళ్లకి. వీళ్లకి నేను ధైర్యంగా వెళ్లమని చెబుతాను. మిల్లులో బరువులు మోసే ముప్పై అయిదేళ్ల మనిషి మోకాలు మెలితిరిగి గడ్డ తెచ్చుకుంటే, అతనికి నెలల తరబడి సూదులు పెట్టించడం కంటే ఇదే న్యాయం.

ఎవరికి సరిపోదు? బాగా అరిగిపోయిన మోకాలికి. ఇక్కడ మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మన ప్రాంతంలో డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. అమెరికాలో 2002లో 180 మంది మీద చేసిన పరిశోధనలో, అరుగుదల ఉన్నవాళ్లకి నిజంగా ఆర్థ్రోస్కోపీ చేసినా, పైన చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి పంపినా ఫలితం ఒకేలా వచ్చింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం అరుగుదల మోకాళ్లకి ఆర్థ్రోస్కోపీ చేయొద్దని గట్టిగా సిఫారసు చేసింది. అరవై ఏళ్లు దాటినవాళ్ల ఎంఆర్‌ఐలో మెనిస్కస్ చిరిగినట్టు కనబడటం చాలా మామూలు, నొప్పి లేనివాళ్లలో కూడా కనిపిస్తుంది. ఆ ఒక్క మాట రిపోర్టులో చూసి ఆపరేషన్‌కి ఒప్పేసుకోకండి. నిలబడి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు ఎంత మిగిలిందో చూపించమనండి. సందు మూసుకుపోయి ఉంటే రంధ్రాల ఆపరేషన్ వల్ల గడ్డ కొన్నాళ్లు తగ్గినా నొప్పి మాత్రం మిగిలే ఉంటుంది.

కీళ్లవాతం ఉన్నవాళ్లు ముందు మందులతో వాపుని అదుపులోకి తెచ్చుకోవాలి. మెథోట్రెక్సేట్ లాంటి మందు సరిగ్గా పడితే గడ్డ చాలాసార్లు తగ్గుముఖం పడుతుంది. ఆపరేషన్ ఆ తర్వాతి మాట.

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు వాళ్లు ఒకటి మర్చిపోకూడదు. ఇక్కడ సికిల్ సెల్ రక్తహీనత, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య జబ్బు, ఎక్కువ. తొడకి పట్టీ బిగించి రక్తం ఆపినప్పుడు సికిల్ సెల్ ఉన్నవాళ్లకి ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఉన్నా, మీకు ఎప్పుడూ పరీక్ష చేయకపోయినా, మత్తు డాక్టరుకి ముందే చెప్పి పరీక్ష చేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా అప్పుడే చెప్పాలి.

కోలుకోవడం గురించి జనం చెప్పేదాంట్లో సగం నిజం. అదే రోజో మర్నాడో కర్ర పట్టుకుని నడిపిస్తారు, అది నిజమే. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. కూర్చునే ఉద్యోగానికి రెండు వారాల్లో వెళ్లొచ్చు. పొలం పని, బరువులు మోయడానికి ఆరు వారాలు పడుతుంది. మెనిస్కస్ కుట్టి ఉంటే లెక్క మారిపోతుంది, కాలి మీద బరువు వేయడం కూడా కొన్ని వారాలు డాక్టరు చెప్పినట్టే, గొంతుక్కూర్చోవడానికి నాలుగు నెలల దాకా ఆగాలి. నాట్లకి ముందు ఆపరేషన్ పెట్టుకుని నాట్లలో దిగిపోదామనుకునేవాళ్లకి ఇది ముందే తెలియాలి. కోతలు, నూర్పులు అయిపోయాక పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ సుఖం.

కోసి తీయడం

మోకాలి వెనక మడత దగ్గర పొడుగ్గా కోసి గడ్డని మొత్తం తీసే పాత పద్ధతి ఇది. కళ్లెదుట గడ్డ పోయింది కదా అన్న తృప్తి ఉంటుంది. కానీ కీలు లోపలి సమస్యని తాకకుండా గడ్డని మాత్రం తీస్తే తిరగబెట్టడం ఎక్కువ. స్వీడన్‌లో రౌష్నింగ్, లిండ్‌గ్రెన్ 1979లో ప్రచురించిన పరిశీలనలో ఆపరేషన్ చేసిన 40 మందిలో 63 శాతం మందికి మళ్లీ గడ్డ కనబడింది. మడత దగ్గర కోత కాబట్టి పుండు మానడం నెమ్మది, కొందరికి మచ్చ బిగుసుకుని కాలు పూర్తిగా చాచలేరు.

అయినా దీనికి చోటుంది. గడ్డ చాలా పెద్దదై నరాన్నో సిరనో నొక్కుతుంటే, కీలుతో సంబంధం లేని గడ్డ అయితే, కణితి అన్న అనుమానం ఉంటే, రంధ్రాల ఆపరేషన్ తర్వాత కూడా తిరగబెడితే. వీళ్లు కాకుండా మిగతావాళ్లకి మొదటే కోత చెబితే ఇంకో ఆర్థోపెడిక్ డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

బాగా అరిగిన మోకాలికి చివరి దారి మోకాలి మార్పిడి. కీలులో వాపు తగ్గాక గడ్డ చాలామందిలో చిన్నదవుతుంది, కొందరిలో కొంత మిగులుతుంది. గడ్డ కోసమని ఎవరూ మోకాలు మార్పించుకోరు, నొప్పితో నడక కుదరనప్పుడే ఆ మాట. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి గరిష్ట పరిమితి పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని అడిగే హక్కు మీకుంది.

ఎక్కడికి వెళ్లాలి, కార్డు ఎక్కడ చెల్లుతుంది

స్కానింగ్, వ్యాయామం, మామూలు ఇంజక్షన్ — ఇవి దగ్గర్లోనే చేయించుకోండి. వీటికోసం విశాఖ దాకా వెళ్లి ఖర్చు పెట్టుకోవడం అనవసరం. ఆర్థ్రోస్కోపీకి మాత్రం దగ్గర అన్నది ఒక్కటే చూడకూడదు. ప్రభుత్వ వైద్యం కావాలంటే పర్లాకిమిడి, గంజాం వాళ్లకి బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్ వైపు వాళ్లకి షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, ఇంకా పైకి భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి. ఏ రోజుల్లో ఆర్థ్రోస్కోపీ చేస్తారో ఓపీలోనే అడిగి తెలుసుకోండి. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ వెళ్లేవాళ్లే మనలో ఎక్కువ. భాష కలుస్తుంది, చుట్టాలుంటారు. ఆ ధైర్యం చిన్నది కాదు. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం దాటితే శ్రీకాకుళం ఉండనే ఉంది.

కార్డు విషయంలో చాలామంది తికమకపడతారు. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నది, ఆ రాష్ట్రంలో నివాసం ఉన్న కుటుంబాలకే. చుట్టాల కార్డు మీద వైద్యం కుదరదు, ప్రయత్నించొద్దు. ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి అమలులోకి వచ్చాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షల దాకా వైద్యం. ఆయుష్మాన్‌లో నమోదైన బయటి రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ ఇది చెల్లుతుంది. అయితే ఆసుపత్రి నమోదై ఉండటం వేరు, మీకు చెప్పిన ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో ప్యాకేజీ కింద రావడం వేరు. అడ్మిట్ కాకముందే కార్డు కౌంటర్‌లో ఆపరేషన్ పేరు చెప్పి, అనుమతి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. డబ్బు కట్టేశాక తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

ఒడిశా ఆసుపత్రిలో సంతకం చేయమనే కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవడం రాని పెద్దవాళ్లకి ఇంట్లో పిల్లలు తెలుగులో వినిపించాకే వేలిముద్ర వేయించండి. ఏ కాలికి ఆపరేషన్ అన్నది, వెనక దారి వెడల్పు చేయడం ఉందా అన్నది ఆ కాగితంలో రాసి ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు, వచ్చాక

ఆపరేషన్ అయిన మర్నాడే రైలెక్కకండి. ఆసుపత్రికి దగ్గర్లో రెండు మూడు రోజులు ఉండి, డాక్టరు ఒకసారి చూశాక బయల్దేరండి. కాలు వేలాడేసి గంటల తరబడి కూర్చుంటే సిరలో రక్తం గడ్డకట్టే భయం ఉంటుంది. కింది బెర్తులో కాలు చాచుకుని, గంటకోసారి లేచి నడుస్తూ, పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ రావాలి. నీళ్లు బాగా తాగాలి. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని తాగడం మానేసేవాళ్లు ఎక్కువ, ఆడవాళ్లు మరీ.

డిశ్చార్జి కాగితంలో ఏం చేశారో, ఎంత బరువు వేయొచ్చో, మోకాలు ఎంతవరకు మడవొచ్చో రాయించుకుని తెచ్చుకోండి. మెనిస్కస్ కత్తిరించారా కుట్టారా అన్నది తెలియకపోతే మా దగ్గర వ్యాయామం మొదలుపెట్టించడం కుదరదు. రెండింటికీ చేయించే పని వేరు, తప్పు చేయిస్తే కుట్టు తెగుతుంది. మొదటి వారం నుంచే తొడ కండరం వ్యాయామం మొదలవ్వాలి. నొప్పి తగ్గేదాకా ఆగుదామని నెల రోజులు మంచం మీద ఉంటే తొడ సన్నబడిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

మోకాలి వెనక కొద్దిగా వాపు, నీలం రంగు మొదటి వారాల్లో మామూలే, గడ్డ మళ్లీ వచ్చిందని కంగారు పడొద్దు. స్కానింగ్‌లో చిన్న గడ్డ కొన్ని నెలలు కనబడుతూనే ఉండొచ్చు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర నుంచి నీరు కారినా, పిక్క గట్టిపడి వాచినా, పాదం తిమ్మిరెక్కి చల్లబడినా మాత్రం తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి అదే రోజు దగ్గర్లో ఉన్న జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి.